ఇంటి వాతావరణ కేంద్రానికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: సహాయం కోరవలసిన విధానం

వర్షం పొలం గట్లు చూసి కురవదన్న సంగతి రైతులందరికీ అనుభవంలో ఉన్నదే. తొలకరిలో ఊరికి తూర్పున ఉన్న చేను విత్తడానికి తగిన పదునుకు వచ్చి, పడమటి చేనులో దుమ్ము కూడా అణగని రోజులు ఎన్నో ఉంటాయి. మండల కేంద్రంలో నమోదైన వర్షపాతం మండలానికి ప్రమాణమే గాని, మీ చేనుకు ప్రమాణం కాజాలదు. విత్తనం వేయడం, పురుగుమందు చల్లడం, కల్లంలో మిరప ఆరబెట్టడం వంటి పనులలో ఒక్క రోజు అంచనా తప్పినా కలిగే నష్టం చివరకు అప్పు ఖాతాలోనే తేలుతుంది. అందువలననే కొందరు రైతులు తమ ఇంటి వద్దనో, పొలంలోని షెడ్డు వద్దనో చిన్న వాతావరణ కేంద్రాలను నెలకొల్పుకొంటున్నారు.

ఇట్టి కేంద్రానికి సంబంధించిన పరికరాలను అమ్మిన దుకాణం ఉంటుంది, బిల్లు ఉంటుంది, గ్యారంటీ కార్డు ఉంటుంది. అయితే ఆ పరికరాలు పంపే అంకెలను కంప్యూటర్‌లో భద్రపరచే సాఫ్ట్‌వేర్ చాలా సందర్భాలలో ఉచితంగా లభించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దానికి బిల్లు లేదు, గ్యారంటీ కార్డు లేదు. అది ఆగిపోయిన రోజున ఎవరిని అడగాలి? ఏ విధంగా అడగాలి? అడిగే ముందు ఏమి సిద్ధం చేసుకోవాలి? ఈ విషయాలను ఋణగ్రహీతలైన రైతులకు, పరికరాల డీలర్లకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కేంద్రంలోని నాలుగు అంచెలు

ఇంటి వాతావరణ కేంద్రాన్ని నాలుగు అంచెలుగా భావించవచ్చు. మొదటి అంచెలో ఆరుబయట ఉండే కొలత పరికరాలు ఉంటాయి. ఉష్ణోగ్రతను, గాలిలోని తేమను కొలిచేవి, గాలి వేగాన్ని, దిశను తెలిపేవి, వర్షమాపకం ఇందులోనివి. నేటి వర్షమాపకాలు అనేకం తక్కెడ వలె అటూ ఇటూ ఒరిగే రెండు చిన్న గిన్నెలతో పనిచేస్తాయి. కొన్ని రకాలలో 0.2 మిల్లీమీటర్ల వర్షానికి ఒక గిన్నె నిండి ఒరుగుతుంది. ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కించి వర్షపాతాన్ని నిర్ణయిస్తారు.

రెండవ అంచె ఇంటిలో గోడకు తగిలించే కన్సోల్. ఇది బయటి పరికరాల నుండి వైర్‌లెస్ ద్వారా వచ్చే అంకెలను చూపుతుంది. మూడవ అంచె కంప్యూటర్. ఇందుకు పెద్ద కంప్యూటర్ అవసరం లేదు. 2012లో బ్రిటన్‌లో మొదట అమ్మకానికి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వంటి, అరచేతిలో ఇమిడే కంప్యూటర్ సరిపోతుంది. నాల్గవ అంచె సాఫ్ట్‌వేర్.

ఈ వ్యాసంలో వీవెక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకొంటున్నాము. ఇది పైథాన్ భాషలో వ్రాయబడినది. టామ్ కెఫర్ దీని మూలకర్త. డేవిస్ వాంటేజ్, ఫైన్ ఆఫ్‌సెట్, ఆక్యురైట్, ఓరిగాన్ సైంటిఫిక్ మొదలైన అనేక రకాల కేంద్రాలతో ఇది పనిచేస్తుంది. ఒక్కొక్క రకం కేంద్రంతో మాట్లాడడానికి ఇందులో ఒక్కొక్క భాగం ఉంటుంది. ఆ భాగాన్ని డ్రైవర్ అంటారు. సాధారణంగా 5 నిమిషాలకు ఒకసారి ఇది ఒక నమోదును డేటాబేస్‌లో చేర్చి, పట్టికలను, రేఖాచిత్రాలను తయారుచేస్తుంది. 5 నిమిషాలకు ఒకటి చొప్పున రోజుకు 288, సంవత్సరానికి 1,05,120 నమోదులు పోగవుతాయి. మీ చేనుకు మాత్రమే చెందిన ఈ చరిత్ర మరెక్కడా దొరకదు. కనుక సాఫ్ట్‌వేర్ ఆగినపుడు దానిని తిరిగి నడిపించడం ఎంత అవసరమో, అంతవరకు పోగైన నమోదులు చెడకుండా కాపాడుకోవడం అంతకన్నా అవసరం.

ఓపెన్ సోర్స్ అనగా ఏమి?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనగా దానిని వ్రాసిన మూల పాఠం అందరికీ అందుబాటులో ఉండేది. ఎవరైనా దానిని వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. వీవెక్స్ జీపీఎల్ అనే లైసెన్సు మూడవ కూర్పు క్రింద లభిస్తున్నది. ఈ లైసెన్సు 2007లో వెలువడినది. సాఫ్ట్‌వేర్‌కు ఎట్టి హామీ లేదని కూడా ఆ లైసెన్సులోనే స్పష్టంగా వ్రాసి ఉంటుంది.

హామీ లేదన్నంత మాత్రాన సహాయం లభించదని అర్థం కాదు. ఈ సాఫ్ట్‌వేర్‌ను వ్రాసినవారు, సంవత్సరాల తరబడి వాడుతున్నవారు వివిధ దేశాలలో ఉన్నారు. తమ తీరిక వేళలలో, ప్రతిఫలం ఆశించకుండా ఇతరుల ప్రశ్నలకు సమాధానాలు ఇస్తుంటారు. అయితే వారు మీ ఇంటికి వచ్చి చూడలేరు. మీ కన్సోల్‌ను, తీగలను, కంప్యూటర్‌ను వారు మీ మాటలలోనే చూడవలసి ఉంటుంది. అడంగల్ గాని, పహాణీ గాని జతచేయని ఋణ దరఖాస్తును బ్యాంకు ఏ విధంగా పరిశీలించలేదో, వివరాలు లేని ప్రశ్నకు వారు కూడా ఆ విధంగానే సమాధానం చెప్పలేరు. మీకు లభించే సహాయం మీరు అందజేసే వివరాలపైననే ఆధారపడి ఉంటుందని గ్రహించవలెను.

సాఫ్ట్‌వేర్ దోషంగా కనిపించే ఇతర దోషాలు

సహాయం కోరే ముందు, దోషం నిజంగా సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నదా అని పరిశీలించుకోవాలి. సాఫ్ట్‌వేర్‌పై వచ్చే సందేహాలలో కొన్ని ఈ క్రింది కారణాల వలన కలిగేవే.

ఒకటి, రోజు లెక్కలోని తేడా. భారత వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8.30 గంటలకు కొలుస్తుంది. క్రిందటి రోజు ఉదయం 8.30 నుండి అప్పటివరకు కురిసిన వర్షం ఆనాటి లెక్కలోనికి వస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం అర్ధరాత్రి నుండి అర్ధరాత్రి వరకు ఒక రోజుగా లెక్కిస్తుంది. రాత్రి 10 గంటలకు మొదలై తెల్లవారుజామున 3 గంటలకు ఆగిన వాన అర్ధరాత్రికి ముందు 30 మిల్లీమీటర్లు, తరువాత 20 మిల్లీమీటర్లు కురిసినదనుకొందాము. మీ కేంద్రం మొదటి రోజుకు 30, రెండవ రోజుకు 20 చూపుతుంది. శాఖ పద్ధతిలో రెండవ రోజు ఉదయం 50 నమోదవుతుంది. ఇందులో ఏ ఒక్కటీ తప్పు కాదు. రెండింటినీ పోల్చదలచినపుడు ఉదయం 8.30 నుండి మరునాటి ఉదయం 8.30 వరకు గల మీ నమోదులను కూడుకోవాలి.

రెండు, గడియారం. కంప్యూటర్‌లో భారత కాలమానానికి బదులు అంతర్జాతీయ కాలమానం అమర్చబడి ఉంటే, దానికి కొత్త రోజు మన గడియారం ప్రకారం ఉదయం 5.30కు మొదలవుతుంది. చిన్న కంప్యూటర్లలో అనేకం కరెంటు పోయినపుడు సమయాన్ని నిలుపుకోలేవు. తిరిగి ఇంటర్నెట్ అందిన తరువాతనే సరిచేసుకొంటాయి. కనుక కరెంటు కోత తరువాత నమోదుల తేదీ, సమయం తప్పక చూసుకోవాలి.

మూడు, కొలమానాలు. వీవెక్స్ ప్రత్యేకంగా మార్చనిదే అమెరికా కొలతలలో భద్రపరుస్తుంది. అందులో వర్షం అంగుళాలలో ఉంటుంది. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు. అనగా 0.98 అని కనిపిస్తే అది దాదాపు 25 మిల్లీమీటర్ల మంచి వాన. మెట్రిక్ పద్ధతిలో కూడా రెండు రకాలు కలవు. ఒకదానిలో వర్షం సెంటీమీటర్లలో, మరొకదానిలో మిల్లీమీటర్లలో వస్తుంది. 2.5 సెంటీమీటర్లను 2.5 మిల్లీమీటర్లుగా చదివిన రైతు, తడిసిన చేనుకు మళ్ళీ నీరు పెట్టే ప్రమాదం ఉన్నది. పేజీపై ఏ కొలమానం ఉన్నదో ముందుగా చూడండి. కేంద్రం నడుస్తుండగా డేటాబేస్‌లోని కొలమానాన్ని మాత్రం మార్చరాదు. పాత నమోదులు ఒక కొలతలో, కొత్తవి మరొక కొలతలో కలిసిపోతే వేరుచేయడం కష్టం. చూపే కొలమానాన్ని మార్చుకొంటే సరిపోతుంది.

నాలుగు, ఎత్తు. గాలి పీడనాన్ని సముద్ర మట్టానికి సరిచేసి చూపడం ఆనవాయితీ. నేలకు దగ్గరగా సుమారు 8 లేక 9 మీటర్ల ఎత్తుకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గుతుంది. డెల్టా గ్రామంలో ఈ సవరణ స్వల్పం. సముద్ర మట్టానికి 500 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి గ్రామంలో ఇది 50 హెక్టోపాస్కల్‌లకు పైగా ఉంటుంది. అమరికలలో మీ ఊరి ఎత్తు సరిగా ఇవ్వకపోతే, పీడనం ఎల్లప్పుడూ తుఫాను రోజు వలె కనిపించవచ్చు.

ఐదు, వర్షమాపకంలోని చెత్త. ఎండుటాకులు, పక్షుల రెట్టలు, సాలెగూళ్ళు గరాటు రంధ్రాన్ని మూసివేస్తే ఎంత వాన కురిసినా అంకె కదలదు. దీనిని ఇంటిలోనే పరీక్షించవచ్చు. గరాటు పైభాగం అడ్డుకొలత 20 సెంటీమీటర్లు అయితే దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. కావున 314 మిల్లీలీటర్ల నీరు 10 మిల్లీమీటర్ల వర్షానికి సమానం. అంత నీటిని కొలిచి, సన్నని రంధ్రం చేసిన డబ్బాతో ఒక గంటసేపు బొట్టుబొట్టుగా పడనివ్వండి. అంకె 9.5కు, 10.5కు మధ్య వస్తే వర్షమాపకం బాగున్నట్లే. అంతకు మించిన తేడా వస్తే గరాటును శుభ్రపరచి, పరికరం సమతలంగా ఉన్నదో లేదో చూసి, మరల పరీక్షించాలి. పరీక్ష జరిపిన తేదీ, సమయం ఒక పుస్తకంలో వ్రాసుకోండి. లేనిచో ఆ 10 మిల్లీమీటర్లు నిజమైన వానగా లెక్కలో నిలిచిపోతాయి.

దోషం ఏ అంచెలో ఉన్నది?

పై ఐదింటినీ చూసిన తరువాత కూడా సమస్య తీరకపోతే, అది నాలుగు అంచెలలో ఎక్కడ ఉన్నదో గుర్తించాలి. ముందుగా కన్సోల్ చూడండి. కన్సోల్‌లోనే అంకెలు లేకపోతే దోషం బయటి పరికరాలలోనో, వాటి బ్యాటరీలలోనో ఉన్నట్లు. ఇది సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది కాదు. డీలరును సంప్రదించండి.

కన్సోల్‌లో అంకెలు సరిగా ఉండి, కంప్యూటర్ పేజీ మాత్రం మారకపోతే లాగ్‌ను చూడాలి. లాగ్ అనగా సాఫ్ట్‌వేర్ తాను చేసిన ప్రతి పనిని సమయంతో సహా వ్రాసుకొనే దినచర్య. వీవెక్స్ మొదలైనపుడు తన కూర్పు సంఖ్యను, పైథాన్ కూర్పును, ఏ అమరికల ఫైలును చదివినదో, ఏ డ్రైవర్‌ను తీసుకొన్నదో లాగ్‌లో వ్రాస్తుంది. తరువాత ప్రతి 5 నిమిషాలకు నమోదు డేటాబేస్‌లో చేరినట్లు ఒక వాక్యం, నివేదికలు తయారైనట్లు మరొక వాక్యం కనిపిస్తాయి.

నమోదు చేరినట్లు వాక్యాలు క్రమంగా వస్తున్నాయంటే కేంద్రం నుండి డేటాబేస్ వరకు అంతా బాగున్నట్లే. మీ అంకెలు భద్రంగా ఉన్నవి. దోషం నివేదికలలోనో, వాటిని చూపే చోటనో ఉన్నది. ఆ వాక్యాలు రావడం లేదంటే కేంద్రానికి, కంప్యూటర్‌కు మధ్య తీగలోనో, డ్రైవర్‌లోనో చిక్కు ఉన్నది. అసలు లాగ్‌లో కొత్త వాక్యమేదీ లేదంటే సాఫ్ట్‌వేర్ ఆగిపోయినట్లు. ఈ ఒక్క పరిశీలనతో వెతకవలసిన చోటు చాలా తగ్గిపోతుంది.

సహాయం కోరునపుడు తెలుపవలసిన వివరాలు

1. కేంద్రం తయారీదారు పేరు, నమూనా పేరు. పెట్టెపై ఉన్నది ఉన్నట్లు వ్రాయాలి. అది కంప్యూటర్‌కు తీగ ద్వారా కలిసి ఉన్నదా, వైఫై ద్వారానా అన్నది కూడా తెలపాలి.

2. కంప్యూటర్ రకం, దానిలోని ఆపరేటింగ్ సిస్టమ్, దాని కూర్పు.

3. వీవెక్స్ కూర్పు సంఖ్య, దానిని ఏ పద్ధతిలో స్థాపించారు అన్నది. 2024లో వెలువడిన 5వ కూర్పులో ఆదేశాల పేర్లు, కొన్ని ఫైళ్ళ స్థానాలు మారినవి. పాత కూర్పునకు చెప్పిన సలహా కొత్త కూర్పునకు సరిపోకపోవచ్చు. కనుక ఈ సంఖ్య తప్పనిసరి.

4. ఏమి జరగాలని మీరు ఆశించారు, నిజంగా ఏమి జరిగినది, ఏ తేదీన, ఎన్ని గంటలకు మొదలైనది.

5. అంతకు ముందు ఏమి మారినది. కరెంటు కోత, పిడుగు, కొత్త రౌటర్, మార్చిన పాస్‌వర్డ్, ఆపరేటింగ్ సిస్టమ్ నవీకరణ వంటివి చిన్నవిగా తోచినా విడువరాదు.

6. మీరు ఇంతవరకు చేసి చూసిన ప్రయత్నాలు, వాటి ఫలితాలు.

7. లాగ్. అమరికల ఫైలులో డీబగ్ అనే పదం ఎదుట ఉన్న 0ను 1గా మార్చి, సాఫ్ట్‌వేర్‌ను తిరిగి మొదలుపెట్టి, ఆ క్షణం నుండి కనీసం 10 నిమిషాల లాగ్‌ను పంపాలి. 10 నిమిషాలలో 5 నిమిషాల నమోదు ఒకటి రెండుసార్లు రావలసి ఉంటుంది గనుక, వచ్చినదీ రానిదీ తెలుస్తుంది. పని ముగిసిన తరువాత డీబగ్‌ను మరల 0కి మార్చండి. లేనిచో లాగ్ త్వరగా పెరుగుతుంది.

లాగ్‌లోని వాక్యాలను తెలుగులోనికి మార్చవద్దు, మీ మాటలలో సంగ్రహించవద్దు. ఉన్నది ఉన్నట్లుగా అక్షరాల రూపంలో పంపాలి. తెరకు ఫోనుతో తీసిన ఫొటో పంపితే, సహాయం చేసేవారు అందులోని పదాలను వెతకలేరు. వివరణను మాత్రం చిన్న చిన్న వాక్యాలలో ఆంగ్లంలో వ్రాయవలసి ఉంటుంది. ఊరిలోని చదువుకొన్న యువకుల సహాయం తీసుకొనండి.

రెండు ఉత్తరాలు

ఒకే సమస్యను రెండు విధాలుగా వ్రాస్తే ఎంత తేడా ఉంటుందో గమనించండి. ఇవి వివరణ కొరకు కల్పించినవి.

మొదటి ఉత్తరం: "నా వాతావరణ కేంద్రం పనిచేయడం లేదు. చాలా అవసరం. వెంటనే సహాయం చేయగలరు."

రెండవ ఉత్తరం: "నా కేంద్రం డేవిస్ వాంటేజ్ వ్యూ. లాగర్ తీగ ద్వారా రాస్ప్‌బెర్రీ పై 4కు కలిపి ఉన్నది. డెబియన్ 12, వీవెక్స్ 5.1. ఈ నెల 14వ తేదీ సాయంత్రం 6 గంటలకు కరెంటు పోయి రెండు గంటల తరువాత వచ్చినది. అప్పటి నుండి కన్సోల్‌లో అంకెలు సరిగానే ఉన్నవి గాని పేజీ మారడం లేదు. లాగ్‌లో నమోదు చేరినట్లు వాక్యాలు లేవు. తీగను ఊడదీసి మరల పెట్టి చూశాను, మార్పు లేదు. డీబగ్ 1 పెట్టి మొదటి నుండి 12 నిమిషాల లాగ్ జతపరచాను."

మొదటి ఉత్తరానికి జవాబుగా మరో పది ప్రశ్నలు వస్తాయి. సమయం తేడా వలన ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క రోజు గడిచిపోవచ్చు. రెండవ ఉత్తరం చదివినవారు తీగ కలిసే ద్వారం పేరు మారినదా, లాగర్ జవాబు ఇస్తున్నదా అని నేరుగా చూడగలరు.

తొందరలో చేయకూడని పనులు

ఈ రకం డేవిస్ కేంద్రం లాగర్‌లో 2,560 నమోదులు నిలువ ఉంటాయి. 5 నిమిషాలకు ఒకటి చొప్పున ఇది దాదాపు 9 రోజులకు సరిపోతుంది. కంప్యూటర్ ఆగి ఉన్నా ఆ రోజుల అంకెలు పోవు. వీవెక్స్ తిరిగి మొదలైనపుడు వాటిని లాగర్ నుండి తెచ్చుకొంటుంది. కాబట్టి 9 రోజుల గడువు మీ చేతిలో ఉన్నదని భావించి నిదానంగా పనిచేయండి. ఎవరో చెప్పినారని లాగర్ నిలువను తుడిచివేసినా, నమోదుల మధ్య వ్యవధిని 5 నిమిషాల నుండి వేరొక సంఖ్యకు మార్చినా ఆ నమోదులు తిరిగి రావు. లాగర్ లేని తక్కువ ధర కేంద్రాలలో ఈ సౌకర్యం ఉండకపోవచ్చు. అట్టివారు కంప్యూటర్‌కు బ్యాటరీ ఆధారం సమకూర్చుకొనడం మేలు.

ఏ మార్పు చేసేముందైనా సాఫ్ట్‌వేర్‌ను ఆపి, డేటాబేస్ ఫైలును, అమరికల ఫైలును పెన్‌డ్రైవ్‌లోనికి నకలు తీసుకోవాలి. మామూలు రోజులలో కూడా వారానికి ఒకసారి ఈ నకలు తీయడం అలవాటు చేసుకోండి. చిన్న కంప్యూటర్లలోని మెమరీ కార్డు అకస్మాత్తుగా కరెంటు పోయినపుడు చెడిపోయే అవకాశం ఉన్నది.

ఒకేసారి రెండు మూడు మార్పులు చేయవద్దు. ఒక మార్పు చేసి, 10 నిమిషాలు లాగ్ చూసి, ఫలితం వ్రాసుకొన్న తరువాతనే రెండవది చేయాలి.

అమరికల ఫైలులో మీ పాస్‌వర్డులు ఉండవచ్చు. దానిని ఇతరులకు పంపేముందు పాస్‌వర్డులను, మీ ఇంటి ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను తొలగించండి. వివరాలను పోగుచేసి పాస్‌వర్డులను కప్పివేసే సదుపాయం వీవెక్స్‌లోనే కలదు. అయినను పంపేముందు మీరు స్వయంగా ఒకసారి చదివి చూడడం మంచిది. సహాయం పేరుతో మీ బ్యాంకు వివరాలు, ఓటీపీ అడిగేవారు ఎవరైనా మోసగాళ్ళేనని తెలుసుకోండి. వాతావరణ కేంద్రాన్ని సరిచేయడానికి వాటితో పని లేదు.

సమస్య తీరిన తరువాత, ఏమి చేయగా తీరినదో సహాయం చేసినవారికి ఒక వాక్యంలో తెలియజేయండి. ఇదే చిక్కులో పడిన మరొక రైతుకు ఆ వాక్యం దారి చూపుతుంది.

డీలర్లకు మనవి

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను అమర్చి ఇచ్చినందుకు రుసుము తీసుకోవడం తప్పు కాదు. జీపీఎల్ లైసెన్సు దానిని నిషేధించదు. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌ను మీ స్వంతమైనదిగా చెప్పి, మూల పాఠాన్ని కొనుగోలుదారుకు అందకుండా చేయడానికి ఆ లైసెన్సు అనుమతించదు. మీరు మార్పులు చేసి అందజేస్తే, మార్చిన మూల పాఠం కూడా అదే లైసెన్సు క్రింద అందుబాటులో ఉంచాలి.

బిల్లులో పరికరాల ధరను, అమర్చిన కూలిని, తదుపరి సేవ రుసుమును వేరు వేరుగా చూపండి. ఎంత కాలం, ఏ పనులకు సేవ అందిస్తారో వ్రాతపూర్వకంగా ఇవ్వండి. కన్సోల్, బయటి పరికరాలు ఒకే వైర్‌లెస్ పౌనఃపున్యంలో పనిచేసేవిగా, అది మన దేశంలో అనుమతి గలదిగా చూసుకొని అమ్మండి. వర్షమాపకాన్ని చెట్టుకు గాని, గోడకు గాని వాటి ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో నిలపండి. అప్పగించే రోజున కంప్యూటర్ పాస్‌వర్డ్, పైన చెప్పిన ఏడు వివరాలలో మొదటి మూడు, అమరికల ఫైలు నకలు కొనుగోలుదారు చేతికి ఇవ్వండి. పాస్‌వర్డ్ మీ వద్దనే ఉంచుకొంటే, మీరు ఊరిలో లేని రోజున రైతుకు ఎవరూ సహాయం చేయలేరు.

ఋణము, బీమాతో సంబంధం

వాతావరణ ఆధారిత పంటల బీమా పథకం 2016 ఖరీఫ్ నుండి పునర్వ్యవస్థీకరించబడినది. ఈ పథకం అమలులో ఉన్న చోట పరిహారాన్ని ప్రకటిత ఆధార వాతావరణ కేంద్రం అంకెలను బట్టి లెక్కిస్తారు. మీ ఇంటి కేంద్రం అంకెలు దానికి ప్రత్యామ్నాయం కావు. ఇంటి కేంద్రం పెట్టుకొంటే బీమా సొమ్ము వస్తుందని ఎవరైనా చెప్పి అమ్మజూస్తే నమ్మవద్దు.

అయితే మీ నమోదుల ప్రయోజనం మరొక విధంగా ఉన్నది. భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని వాన పడిన రోజును వర్షపు రోజు అంటారు. మూడు నాలుగు ఖరీఫ్‌లలో మీ చేనుకు ఎన్ని వర్షపు రోజులు వచ్చినవో, పూత దశలో ఎన్ని రోజులు వాన ముఖం చాటేసినదో మీ వద్ద అంకెలలో ఉంటే, ఏ పంట వేయాలి, సేద్యపు కుంట త్రవ్వాలా, బిందు సేద్యం పెట్టుకోవాలా అన్న విషయాలు మీరూ, మీ శాఖలోని క్షేత్రాధికారీ కలిసి ఆధారంతో చర్చించవచ్చు. పెట్టుబడి అప్పును ఎంత తీసుకోవాలన్నది కూడా అప్పుడు ఊహపై కాక లెక్కపై నిర్ణయమవుతుంది.

అంకెలు మధ్యలో తెగిపోతే ఈ ప్రయోజనం చాలావరకు కోల్పోతారు. కనుక కేంద్రం పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. మొదటి పుటలో కేంద్రం నమూనా, కంప్యూటర్ రకం, సాఫ్ట్‌వేర్ కూర్పు వ్రాయండి. తరువాతి పుటలలో బ్యాటరీ మార్చిన తేదీ, గరాటు శుభ్రపరచిన తేదీ, కరెంటు కోతలు, చేసిన మార్పులు ఎప్పటికప్పుడు నమోదు చేయండి. సాఫ్ట్‌వేర్ ఆగిన రోజున సహాయం కోరుతూ వ్రాయవలసిన ఉత్తరంలో సగం ఆ పుస్తకంలో ముందే వ్రాసి ఉంటుంది. వానాకాలం మొదలయ్యేలోగానే ఈ పని పూర్తి చేసుకొనవలసినదిగా మనవి.